శ్రీశైలానికి దారులు

తెలుగువారి ఇంట ఏ శుభకార్యం తలపెట్టినా, సంకల్పం చెప్పే సమయంలో పురోహితుడు కర్త ఉన్న చోటును శ్రీశైలాన్ని బట్టి నిర్దేశిస్తాడు. గుంటూరులో నోము అయినా, హైదరాబాదులో గృహప్రవేశం అయినా, ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరి అశోకా రోడ్డు పరిసరాలలో కాపురమున్న తెలుగు కుటుంబంలో సత్యనారాయణ వ్రతం అయినా ఆ చోటు శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదో చెప్పనిదే సంకల్పం పూర్తి కాదు. ఓరుగల్లు, విజయనగరం, గోలకొండ వంటి రాజధానులు ఏవీ ఈ గౌరవానికి నోచుకోలేదు. ఒక జాతి తన ఉనికిని కొలుచుకొనే కేంద్రబిందువు అందరూ సులభంగా చేరగల మహానగరం కాక, దట్టమైన అడవి దాటితే గాని అందని చిన్న కొండ ఊరు కావడం ఆలోచింపదగిన విషయం. శ్రీశైల చరిత్రను ఆలయం వైపు నుండి చాలామంది రాశారు. ఆ ఆలయానికి పోయే దారుల వైపు నుండి చూస్తే అదే చరిత్ర మరొక విధంగా కనిపిస్తుంది.

శ్రీశైలం నల్లమల కొండల నడుమ, కృష్ణానదికి దక్షిణపు ఒడ్డున, సముద్రమట్టానికి సుమారు 1,500 అడుగుల ఎత్తున ఉన్నది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు కర్నూలు జిల్లాలో ఉండి, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరింది. ఊరికి ఒకవైపు కృష్ణ లోతైన లోయ కోసుకొని ప్రవహిస్తుంది. మిగిలిన అన్ని వైపులా కొండలు, ఆ కొండల మీద నల్లమద్ది, టేకు, తునికి, వెదురు పెరిగే అడవి. తూర్పున దోర్నాల నుండి రోడ్డు మీద సుమారు 50 కిలోమీటర్లు అడవిలోనే ప్రయాణించాలి. చుట్టుపక్కల ఊళ్ళ పేర్లలో సున్నిపెంట, ఈగలపెంట, దోమలపెంట అని ‘పెంట’ మాటిమాటికీ వినిపిస్తుంది. మైదాన ప్రాంతం వారికి ఆ మాట వింతగా తోచవచ్చు గాని, నల్లమలలో పెంట అంటే చెంచుల నివాసం. ఆనకట్ట పనివారి కోసం వెలసిన కాలనీలకు సైతం ఆ పాత పేర్లే నిలిచిపోయాయి. ఈ అడవి ఎవరిదో ఊళ్ళ పేర్లే చెబుతున్నాయి.

ఈ కొండ కీర్తి చాలా ప్రాచీనమైనది. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన నాసిక్ గుహాశాసనంలో, శాతవాహన రాజమాత గౌతమీ బలశ్రీ తన కుమారుని ఏలుబడిలోని పర్వతాలను పేర్కొంటూ ‘సిరిటన’ అన్న పేరు చెప్పింది. అది శ్రీపర్వతమేనని పలువురు పండితుల అభిప్రాయం. విష్ణుకుండి రాజులు తమ శాసనాలలో తమను శ్రీపర్వతస్వామి పాదభక్తులమని చెప్పుకొన్నారు. ఉత్తరాదిన బాణభట్టు తన గద్యకావ్యాలలో, భవభూతి ‘మాలతీమాధవం’ నాటకంలో శ్రీపర్వతాన్ని ప్రస్తావించారు. ఆ ప్రస్తావనలలో కనిపించేది మంత్రసిద్ధులు, కాపాలికులు, యోగినులు తిరిగే అద్భుత ప్రదేశం. దూరాన ఉన్నవారికి శ్రీశైలం చూసిన చోటు కంటే విన్న చోటుగానే ఎక్కువగా తెలుసు. చేరడం ఎంత కష్టమో కీర్తి అంత పెరిగిందనడంలో అతిశయోక్తి లేదు.

చేరాలనుకొన్నవారికి సంప్రదాయం నాలుగు ద్వారాలను చూపింది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఇవికాక ఏలేశ్వరం, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరం అనే నాలుగు ఉపద్వారాలు. పటం ముందుంచుకొని చూస్తే ఈ పేర్ల వెనుక ఉన్న లోకజ్ఞానం బోధపడుతుంది. ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కు నుండి వచ్చే యాత్రికులు చేరి, విశ్రమించి, తోడు చూసుకొని అడవిలోకి అడుగుపెట్టే మజిలీలు. కోస్తా వారికి త్రిపురాంతకం, కృష్ణా తుంగభద్రల నడిమి సీమవారికి అలంపురం, పెన్నా లోయవారికి సిద్ధవటం, తెలంగాణ వారికి ఉమామహేశ్వరం సహజమైన ద్వారాలు. ఒంటరిగా అడవిలో నడవడం సాధ్యంకాని కాలంలో యాత్ర అంటే గుంపు కూడడమే. ఆ గుంపు కూడే చోట గుడి, చెరువు, సత్రం వెలిశాయి.

శివరాత్రికి బయలుదేరిన ఆ గుంపులను పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లోని పర్వత ప్రకరణంలో విపులంగా వర్ణించాడు. ఆ రచన కాలం 13వ శతాబ్ది అని కొందరు, 14వ శతాబ్ది తొలిభాగమని కొందరు అంటారు. ఏ కాలమైనా, తెలుగులో ఒక యాత్రను ఇంత వివరంగా చిత్రించిన తొలి కావ్యాలలో అది ఒకటి. వచ్చినవారు ఒక్క కులానికీ, ఒక్క భాషకూ చెందినవారు కారు. కన్నడ సీమ శరణులకు ఈ కొండ తమ పుణ్యభూమి. అక్కమహాదేవి, అల్లమప్రభువు ఇక్కడి కదళీవనంలోనే సిద్ధి పొందారని వారి విశ్వాసం. మహారాష్ట్రులకు, తమిళులకు ఇది పన్నెండు జ్యోతిర్లింగాలలో ఒకటి. భ్రమరాంబ ఆలయం వలన శక్తిపీఠం కూడా అయింది.

కొండదారికి మెట్లు కట్టించడం రాజులకు కీర్తిప్రదమైన కార్యమయింది. 14వ శతాబ్దిలో అద్దంకి, కొండవీడు కేంద్రాలుగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ సోపానాలు కట్టించినట్లు శాసనాలు, సాహిత్యం రెండూ చెబుతున్నాయి. కాకతీయ రాజ్యం కూలి దేశం అల్లకల్లోలమైన తరువాత అధికారానికి వచ్చినవాడాయన. కోటలతో పాటు యాత్రామార్గాలను బాగుచేయించడంలో భక్తి ఎంత ఉన్నదో రాజనీతి అంత ఉన్నది. తెలుగు సీమ నలుమూలల నుండి వచ్చే జనం కాలు మోపే ప్రతి మెట్టూ ఆ రాజు పేరును మోసుకొనిపోతుంది. ఆయన కుమారుడు అనవేమారెడ్డి 1377లో ఆలయ ప్రాంగణంలో వీరశిరోమండపం కట్టించాడు. భక్తావేశంతో తమ నాలుకలను, శిరస్సులను సైతం కోసి స్వామికి అర్పించుకొనే కొంగవీరుల కోసం కట్టిన మండపమది. నేటి యాత్రికులలో చాలామంది దాని చరిత్ర తెలియకుండానే దాని పక్కగా నడిచిపోతారు. 14వ శతాబ్ది చివర విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ, ఆలయం నుండి కృష్ణ ఒడ్డున ఉన్న పాతాళగంగకు మెట్లు కట్టించింది. హరిహరరాయలు ముఖమండపాన్ని నిర్మింపజేశాడు. 1515లో కొండవీడు జయించిన తరువాత శ్రీకృష్ణదేవరాయలు స్వామిని దర్శించి, రథవీథికి ఇరువైపులా మండపాలు కట్టించాడు.

ఆలయాన్ని కోటగోడ వలె చుట్టిన ప్రాకారం ఆ కాలపు శిల్పసంపదకు గొప్ప నిదర్శనం. వరుస వెంట వరుసగా ఏనుగులు, గుర్రాలు, వేట, మల్లయుద్ధాలు, యోగుల తపస్సు, శివపురాణ గాథలు, కిరాతార్జునీయం చెక్కి ఉన్నాయి. గర్భాలయం ముందు క్యూలో గంటలకొద్దీ నిలిచే భక్తులు ఈ గోడ చుట్టూ ఒక్కసారి తిరిగితే, మరొక దర్శనం ఉచితంగా లభిస్తుంది. వేటగాడి వేషంలోని శివుడు అర్జునునితో పోరాడే ఘట్టం ఈ గోడ మీద ఉండడం ఔచిత్యవంతం. ఎందుకంటే నల్లమలలో శివుడు నిజంగానే వేటగాళ్ళ దేవుడు.

చెంచులు మల్లికార్జునుణ్ణి ‘చెంచు మల్లయ్య’ అంటారు. స్వామి తమ ఆడపడుచును పెళ్ళాడి తమకు అల్లుడైనాడని వారి కథ. పురాణాలు దీనిని ఎంతవరకు ఒప్పుకొంటాయన్నది వేరు విషయం. చెంచులకు మాత్రం ఆలయంతో ఉన్నది భక్తుని సంబంధం కాదు, బంధుత్వం. తేనె, గడ్డలు, పండ్లు, వేట మీద ఆధారపడి పెంటలలో నివసించిన వీరే తరతరాలుగా అడవిదారులకు కాపలాదారులు. శివరాత్రి రోజులలో యాత్రికులకు దారి చూపడం, డోలీలు మోయడం, దొంగల నుండి, మృగాల నుండి కాపాడడం వారి పని. అందుకు ప్రతిఫలంగా తమ తమ హద్దులలో రుసుము పుచ్చుకొనేవారు. మెట్లు కట్టించినవారి పేర్లు శాసనాలలో ఉన్నాయి. ఆ మెట్ల మీద యాత్రికుని వెంట నడిచినవారి పేర్లు ఒక్క రాతి మీద కూడా లేవు. శ్రీశైల చరిత్రలో ఇది చిన్న లోపం కాదు.

1677లో దక్షిణ దండయాత్రకు పోతూ ఛత్రపతి శివాజీ గోలకొండ నుండి శ్రీశైలం వచ్చాడు. ఈ చోటి ప్రశాంతి చూసి వైరాగ్యం కలిగి, అమ్మవారికి శిరస్సు అర్పించుకోబోయాడనీ, వెంట ఉన్నవారు వారించారనీ మరాఠీ బఖర్లు చెబుతాయి. ఉత్తర గోపురం ఆయన కట్టించినదేనని సంప్రదాయం. దాన్ని శివాజీ గోపురమనే పిలుస్తున్నారు.

ఐరోపావారిలో శ్రీశైలాన్ని గురించి వివరంగా రాసిన తొలి వ్యక్తి కాలిన్ మెకంజీ. తరువాత స్థానిక చరిత్రల సేకరణకు ప్రసిద్ధుడైన ఈయన 1794లో కెప్టెన్ హోదాలో ఇక్కడికి వచ్చారు. ఆ వృత్తాంతం 1798లో ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ 5వ సంపుటంలో అచ్చయింది. ఆయన దీనిని ‘పర్వతం’ అనే పేరుతోనే పేర్కొన్నారు. యాత్రికులు వాడిన పేరు అదే. చీకటి గర్భాలయంలోని లింగం మీదికి ఇత్తడి అద్దంతో వెలుతురును ప్రతిఫలింపజేసి, ఆ మెరుపు పడిన క్షణంలో దర్శనం చేయించేవారన్నది ఆ వృత్తాంతం వలన తెలుస్తున్న ఆసక్తికరమైన అంశం. రోజులతరబడి అడవి నడిచి వచ్చినవారికి దక్కినది ఆ ఒక్క మెరుపు. యాత్రికుల నుండి వసూలైన ఆదాయాన్ని చూసుకొనే అధికారి ఒకడు ఆవరణలోనే కాపురముండేవాడని కూడా తెలుస్తున్నది.

ఆ ఆదాయం కర్నూలు నవాబుది. 36 ఏళ్ళ తరువాత ఏనుగుల వీరాస్వామయ్య వచ్చేనాటికీ అదే ఏర్పాటు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరారు. దారిపొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు రాసిన లేఖలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా వెలువడ్డాయి. కడప, అహోబిలం మీదుగా ఆత్మకూరు చేరి, అక్కడి నుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను దారిన ఆయన కొండ ఎక్కారు. పుణ్యం కోసం వచ్చినా ఆయన కన్ను గుమాస్తా కన్ను. ఎక్కడ నీరు దొరుకుతుంది, ఎక్కడ బియ్యం దొరకదు, బోయీలకు ఏమివ్వాలి, మెట్లు ఎక్కడ శిథిలమైనాయి అన్నవన్నీ లెక్కగట్టి రాశారు. కందనూరు నవాబు యాత్రికుల మీద పన్ను తీసుకొంటూ ఆలయాన్ని గాని, దారిని గాని పట్టించుకోకపోవడం ఆయన దృష్టిని దాటిపోలేదు. దర్శనానంతరం మళ్ళీ ఆత్మకూరు వైపే దిగి, కృష్ణ దాటి, వనపర్తి మీదుగా హైదరాబాదు వెళ్ళారు. కొండ ఎక్కినవాడు వచ్చిన దారినే దిగవలసిన ఊరు శ్రీశైలం. మరొక చోటికి పోతూ దారిలో చూసేది కాదు.

1839లో ఈస్టిండియా కంపెనీ నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించి కర్నూలును స్వాధీనం చేసుకొన్నది. ఆలయ నిర్వహణ పుష్పగిరి పీఠానికి అప్పగింపబడి, 1929లో పాలకసంఘం ఏర్పడే వరకు వారి చేతిలో ఉన్నది. 1949లో దేవాదాయ శాఖ కిందికి వచ్చింది. అయితే దారుల చరిత్రలో అసలు మార్పు తెచ్చినది ఆలయ నిర్వహణ కాదు, అటవీ పాలన. 1882 నాటి మద్రాసు అడవుల చట్టం కింద నల్లమల రిజర్వు అడవి అయింది. అంతవరకు తమదనుకొన్న అడవిలో చెంచులు అనుమతి మీద ఉండవలసినవారైనారు. దారికాపలాకు పుచ్చుకొనే రుసుము ప్రభుత్వ దృష్టిలో దౌర్జన్యపు వసూలు అయింది. కర్నూలు జిల్లా చెంచులలో కొందరిని నేరస్థ తెగల చట్టం కిందికి కూడా తెచ్చారు. ఆ చట్టం 1952లో రద్దయింది. యాత్రికులను దొంగల నుండి కాపాడినవారినే దొంగల జాబితాలో రాసిన ఆ పాలనకు, అంతకు ముందున్న ఏర్పాటును అర్థం చేసుకొనే ఓపిక లేదనే చెప్పాలి. కృష్ణకు ఆవలి ఒడ్డున, నిజాం రాజ్యంలోని అమ్రాబాదు పీఠభూమి మీద 1940లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ చెంచుల నడుమ నివసించి పరిశోధన చేశారు. 1943లో వెలువడిన ఆయన గ్రంథం ఆ తెగ జీవితం గురించి నేటికీ ప్రామాణికమైనది.

స్వాతంత్ర్యానంతరం దోర్నాల నుండి మోటారు రోడ్డు పడడంతో రోజుల నడక గంటల ప్రయాణమయింది. 1963లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట పని 1980ల తొలినాళ్ళకు పూర్తయింది. జలాశయం పూర్తిమట్టం 885 అడుగులు. ఆ నీటి కింద ఎగువన వంద దాకా గ్రామాలు మునిగాయి. లక్షకు పైగా జనం ఇల్లూ పొలమూ విడిచి వెళ్ళారు. పురావస్తు శాఖ పలు ఆలయాలను రాయి రాయిగా విప్పి ఎత్తైన చోట్ల తిరిగి నిలిపింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఆ విధంగానే అలంపురం చేరింది. ఏలేశ్వరం అంతకు ముందే నాగార్జునసాగర్ నీటిలో కలిసిపోయింది. సప్తనదీ సంగమం వద్ద ఉన్న సంగమేశ్వరం ఏడాదిలో ఎక్కువ నెలలు నీట మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. విఠలాంబ నాటి పాతాళగంగ మెట్లలో దిగువ భాగం నీటి కిందికి పోయింది. పాత ద్వారాలలో కొన్ని ఇలా నీళ్ళపాలైనాయి గాని, ఆనకట్ట దిగువ వంతెన మూలంగా కృష్ణకు ఆవలి నుండి నేరుగా కొత్త ద్వారం తెరచుకొన్నది. నేడు హైదరాబాదు నుండి మన్ననూరు, దోమలపెంట మీదుగా వచ్చే వాహనాలన్నీ ఆ దారినే వస్తున్నాయి.

ఈ దారులన్నీ ఇప్పుడు పులుల అడవిలో నుండే పోవాలి. 1978లో అభయారణ్యంగా, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కింద ప్రకటింపబడిన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి, సుమారు 3,568 చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో అప్పట్లో దేశంలోనే అతిపెద్ద పులుల సంరక్షణ కేంద్రం. 2014లో రాష్ట్ర విభజనతో కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాదు టైగర్ రిజర్వుగా వేరుపడింది. అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ పంపకం మీద రెండు రాష్ట్రాల మధ్య ఏళ్ళతరబడి లేఖలు నడిచాయి. పులులు మాత్రం ఏ లేఖలూ లేకుండానే ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ ఈదుతున్నాయి.

అడవి అధికారులు రాత్రి 9 గంటలకు గేట్లు మూసి ఉదయం 6 గంటల వరకు వాహనాలను ఆపుతారు. వాహనాలు ఢీకొని మృగాలు మరణించడం దీనికి కారణం. ఆలస్యంగా వచ్చిన భక్తులు విసుక్కోవడం సహజమే. కాని చీకటి పడితే ముందుకు సాగకుండా మజిలీలో ఆగడం ఈ యాత్రలో కొత్త ఆచారమేమీ కాదు. త్రిపురాంతకంలో ఆగినవారూ అందుకే ఆగారు. ఈ ఆటంకాన్ని తొలగించడానికి హైదరాబాదు వైపు రహదారిని అడవి మీదుగా ఎత్తైన వంతెనలా నిర్మించాలన్న ప్రతిపాదన ఇటీవలి సంవత్సరాలలో వచ్చింది. కింద మృగాలు తిరుగుతుంటే పైన వాహనాలు పోతాయన్నది ఆశయం. దాని సాంకేతిక సాధ్యాసాధ్యాలు ఇంజనీర్లు తేల్చవలసినవి. అయితే ఆ దారిపొడవునా ఉన్న పెంటల వారిని సంప్రదించకుండా నిర్ణయం జరిగితే, 1882 నాటి పొరపాటు మరొకసారి జరిగినట్లే అవుతుంది.

ఊరు కూడా పెరిగింది. సత్రాలు, వసతిగృహాలు, బస్సు స్టాండు, దుకాణాలు ఆలయం చుట్టూ నిండాయి. 2021లో ఘంటామఠం జీర్ణోద్ధరణ సమయంలో రాగిరేకులు బయటపడడం, కొత్త కట్టడాల నడుమ కూడా పాత చరిత్ర ఇంకా మిగిలి ఉన్నదని గుర్తుచేసింది. శివరాత్రి నాడు చీరాల ప్రాంతపు నేత కుటుంబీకులు ఏడాది పొడవునా రోజుకు ఇంత చొప్పున నేసిన పాగాను, దీపాలన్నీ ఆర్పివేసిన చీకటిలో ఆలయ విమానానికి చుట్టే సంప్రదాయం మారలేదు.

పాత దారి కూడా పూర్తిగా మూతపడలేదు. శివరాత్రికి, ఆపైన ఉగాదికి ఆత్మకూరు వైపు వెంకటాపురం నుండి వేలాదిమంది కాలినడకన బయలుదేరుతారు. ఉగాదికి వచ్చేవారిలో అత్యధికులు కన్నడిగులు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి, చీర, సారె నెత్తిన పెట్టుకొని, కర్ణాటక గ్రామాల నుండి పదులు వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. ఆ కొద్దిరోజులు అటవీ శాఖ ఆ దారిని తెరిచి ఉంచుతుంది. నాగలూటి వీరభద్రుని గుడి వద్ద ఆగి, పాతకాలపు మెట్లెక్కి, పెద్దచెరువు వద్ద చెంచు గూడెం పక్కన రాత్రి మజిలీ చేసి, తెల్లవారుజామున భీమునికొలను లోయలోకి దిగి, మళ్ళీ నిటారుగా ఎక్కి కైలాసద్వారం చేరుకొంటారు. అక్కడి నుండి శ్రీశైలం మరికొంత నడక మాత్రమే.